సోకుల బాబాయి కొన్న కెమెరా

ఏ వస్తువు కొనాలన్నా సరే, దాని ఎదురుగా కుర్చీ వేయించుకుని, అరగంట సేపు దాని ముఖంలోకి చూడందే సోకుల బాబాయి చెయ్యి జేబులోకి వెళ్ళదు. ఎలా పనిచేస్తుందని అడగడు. ఎన్నాళ్ళు మన్నుతుందని అడగడు. "ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంది?" ఇదొక్కటే ఆయన ప్రశ్న. జవాబు చెప్పుకునేదీ ఆయనే.

ఈ లెక్కనే ఇంటికో ఫ్రిజ్జు వచ్చింది. చూడముచ్చటైన ఫ్రిజ్జు, కాదనడానికి లేదు. కాకపోతే దాని తలుపు గోడవైపు తెరుచుకుంటుంది. పిన్నికి పాలగిన్నె కావాలంటే ఊపిరి బిగబట్టి, సందులోంచి ఒక్క చెయ్యి దూర్చి దొంగలా తడుముకోవాలి. "కూర్చుని చూశారు సరే, ఒక్కసారి ఆ తలుపు తీసి చూస్తే మీ సొమ్మేం పోయేది?" అని ఆవిడ నిలదీస్తే, "మూసి ఉన్నప్పుడే కదే, దాన్ని మనం ఎక్కువసేపు చూసేది!" అన్నాడు. ఇంత తిరుగులేని వాదన విన్న పిన్ని ఆ రోజు వంట మానేసి పడుకుంది.

వాషింగ్ మెషీన్ కొన్ననాడైతే ఇంకా ఘోరం. దాని గుండ్రటి గాజు తలుపుకేసి ఉలుకూ పలుకూ లేకుండా చూస్తూ కూర్చున్న మనిషిని చూసి, గుండెనొప్పేమోనని షాపువాళ్ళు హడలిపోయారు. మొహాన నీళ్ళు చల్లి ఆటో పిలిచారు. బాబాయి ఆ ఆటోలోనే మెషీన్ వేసుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో సామాను ఏ గంగలో కలిసినా బాబాయి అన్నకూతురు పట్టించుకునేది కాదు. ఈసారి కొనేది మాత్రం స్టూడియోకి కెమెరా. స్టూడియో బాబాయిదే, ఆయన ఇంటి ముందుగదే. అయినా పదేళ్ళుగా లైట్లు సర్దడం నుంచి ప్రింట్లు తియ్యడం దాకా అంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. జేబుజేబుకీ ఫోన్లొచ్చాక ఆ మెట్లెక్కేవాళ్ళు కరువయ్యారు. మూసేద్దామా అనుకుంటున్న రోజుల్లో బస్సు డిపో మేనేజరు ఫోన్ చేశాడు. కొత్తగా కట్టిన ప్రయాణికుల హాల్లో నలభై మంది డ్రైవర్ల ఫోటోలు, ఒక్కొక్కటీ తలుపంత, పెట్టిస్తాడట.

"ముందు వచ్చే వారం మా సీనియర్ డ్రైవర్ని పంపిస్తా. ఒక్క ఫోటో తీసి ఆ సాయంత్రమే ఐదింటికి నాకు చూపించండి. నచ్చితే నలభై మందీ మీకే. నచ్చకపోతే ఏమనుకోకండి" అన్నాడు.

ఏమనుకోకుండా ఎలా ఉంటుంది? ఈ పని చేజారితే స్టూడియోకి తాళమే. ఆమె వెళ్ళి వీధి చివర పాస్‌పోర్టు ఫోటోల షాపులో, "గడ్డం ఎత్తండి, గడ్డం దించండి" అంటూ బతుకు వెళ్ళదీయడమే.

తలుపంత ప్రింటుకి మామూలు కెమెరా చాలదు. మీడియం ఫార్మాట్ డిజిటల్ కావాలి. దాని లోపల బొమ్మ పడే సెన్సర్ పెద్దది కాబట్టి, ఎంత పెద్ద ప్రింటు తీసినా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆమె వారం రోజులు తల బద్దలు కొట్టుకుని ఒక జాబితా రాసింది. ఫోకస్ వేగానికి ఇన్ని మార్కులు, బ్యాటరీకి ఇన్ని, లెన్సులకి ఇన్ని. అన్నిట్లోనూ ఫస్టొచ్చింది ఒక నల్ల కెమెరా. ఆ జాబితా పట్టుకుని, డ్రైవరు రావాల్సిన రోజు పొద్దున్నే బాబాయిని షాపుకి తీసుకెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే బాబాయి కుర్చీ అడిగాడు.

"ఈ నల్లది చూడు బాబాయ్! మసక వెలుతుర్లో కూడా కన్నెక్కడుందో పట్టేస్తుంది."

"పట్టేస్తుంది, పట్టేస్తుంది. మొహం చూస్తేనే తెలుస్తోంది. పోలీసుల్లో చేరాల్సింది."

"మొహమేంటి బాబాయ్? అది కెమెరా!"

"ఏమండీ, ఆ పక్కన వెండిరంగుది ఉంది చూడండి, దాన్ని కొంచెం ఇటు తిప్పండి. ఆహా! అమ్మడూ, ఒక్కసారి వచ్చి ఈ కుర్చీలో కూర్చో."

"నేను చచ్చినా కూర్చోను."

వెండిరంగుది అందంగానే ఉంది. నున్నటి అంచులు, గోధుమరంగు తోలు తొడుగు, నెత్తిన చిన్న చక్రాలు. కానీ దాని ఫోకస్ కంటి కోసం బయల్దేరి ముక్కు దగ్గర ఆగిపోతోంది. బ్యాటరీ మాటెత్తితే షాపాయనే గొంతు తగ్గించాడు.

"కాస్త నిదానమమ్మా ఇది."

"నిదానమంటే?"

"అంటే... ఆలోచించి తీస్తుంది."

ఆమె జాబితా చదివింది. బాబాయి వినలేదు. ఆమె ఆ వెండిదాన్ని తిట్టిపోసింది. బాబాయి దానికేసి చూసి, "నువ్వేం బాధపడకు" అన్నాడు. గంటన్నర గడిచాక షాపాయన రెండు చేతులూ ఎత్తేశాడు. "రెండూ పట్టుకెళ్ళి వాడి చూడండి సార్. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తా, ఏదో ఒకటి వెనక్కి పంపండి. ముందు ఆ కుర్చీ మాత్రం ఖాళీ చెయ్యండి, ఇది నా కుర్చీ."

మూడింటికి డ్రైవరు వచ్చాడు. కొండదారుల్లో ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి ఒక్కరికీ గీత పడనివ్వని మనిషి. మెట్లెక్కుతూ ఏదో జోకు చెప్పి తనే నవ్వుకున్నాడు. స్టూలు మీద కూర్చుని నల్ల కెమెరాని చూశాడో లేదో, కొయ్యబారిపోయాడు.

"కొంచెం నవ్వండి."

"నవ్వుతూనే ఉన్నానమ్మా."

"ఇంకొంచెం."

"ఇంతే వస్తుంది. నాకు ఫోటోలు అచ్చిరావమ్మా. నా లైసెన్సు మీది ఫోటో చూసి మా మనవరాలు ఏడ్చింది. దార్లో తనిఖీకి ఆపినవాళ్ళు బస్సు వదిలేసి నన్ను తనిఖీ చేస్తారు."

ఆమె నూట ఇరవై ఫోటోలు తీసింది. ఒక్కటి కూడా చెదరలేదు. చొక్కా గుండీకి కుట్టిన దారం ఎన్ని మెలికలు తిరిగిందో చెప్పొచ్చు. మనిషే లేడు. ఆయన జాగాలో ఎవరో ముద్దాయి కూర్చుని ఉన్నాడు. నాలుగింటికి డ్రైవరు మళ్ళీ బస్సెక్కాలి. ఇంకో పావుగంట ఉందంతే.

అప్పుడు లేచాడు బాబాయి. వెండి కెమెరాని ట్రైపాడ్ మీద పెడతాడేమో అనుకుంటే, నేరుగా తీసుకెళ్ళి డ్రైవరు చేతుల్లో పెట్టాడు. షాపువాళ్ళ కెమెరా! చెయ్యి జారిందంటే ఇక ఐదింటిదాకా ఆగక్కర్లేదు.

"ఒకసారి బరువు చూడండి సార్" అన్నాడు బాబాయి.

డ్రైవరు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "భలే ఉందే! ఈ చక్రాలేంటి? గేర్లా?"

"అలాంటివే. మీరే వెయ్యండి, ఏ గేర్లో వెళ్దాం?"

"కొండెక్కేటప్పుడు రెండే సార్! మూడులో వేశాడంటే వాడు డ్రైవరే కాదు" అంటూ మొదలుపెట్టాడాయన. చక్రం టకటకా తిప్పుతూ, తన మొదటి బస్సు గేరు రాడ్డు ఎంత మొండిదో, దాన్ని ఎలా బుజ్జగించేవాడో చెప్పుకుంటూ పోయాడు. బాబాయి మాట కలుపుతూనే మెల్లగా కెమెరా అందుకుని ఇంకో ట్రైపాడ్ మీద బిగించాడు. కెమెరా వెనక తెరని పైకి తిప్పి వంగి చూస్తున్నాడు కాబట్టి ఆయన మొహం డ్రైవరుకి కనబడుతూనే ఉంది. కెమెరా ఫోకస్ మాత్రం అలవాటు ప్రకారం ముక్కు దగ్గర కూర్చుంది.

"బాబాయ్, ఆగు!" అని గుసగుసగా అని, ఆమె టేపు తెచ్చి డ్రైవరు కంటి నుంచి లెన్సు దాకా కొలిచింది. ఫోకస్‌ని చేత్తో తిప్పి అక్కడ ఆపింది. "కదలకండి" అని కూడా అనలేదు. తొమ్మిది ఫోటోలు పడ్డాయి. పదోదానికి బ్యాటరీ అయిపోయింది.

ఐదింటికి మేనేజరు వచ్చి కంప్యూటర్ తెర ముందు నిలబడ్డాడు. తొమ్మిదింట్లో నాలుగు మసక, రెండింట్లో కళ్ళు మూసుకున్నాయి. ఏడోదాంట్లో, పరిగెత్తుకొస్తున్న ప్రయాణికుణ్ణి చూసి బస్సాపిన మనిషి ఉన్నాడు. మేనేజరు చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు. ఆమె చున్నీ కొస నలిగి ఉండచుట్టుకుపోయింది.

"ఈయన మా డ్రైవరేనా?" అన్నాడు చివరికి. "నా ముందెప్పుడూ నవ్వలేదే! సరే, సోమవారం నుంచి రోజుకి నలుగుర్ని పంపిస్తా. ఆఖర్న... నేను కూడా ఒకటి తీయించుకోవచ్చా?"

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, ఆమె దబ్బున స్టూలు మీద కూలబడింది. అబ్బ, పోయిన ప్రాణం లేచొచ్చింది! స్టూడియో ఉంటుంది. రేపూ ఈ తలుపు తనే తీస్తుంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తల ఎత్తి చూస్తే ఎదురుగా నల్ల కెమెరా. పదేళ్ళలో ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. పళ్ళెమంత నల్లటి గాజు కన్ను, పక్కన ఎర్ర దీపం. తనకి తెలియకుండానే నడుం నిటారు చేసుకుని, వంకర పన్ను కనపడకుండా పెదవులు బిగించింది.

"బాబాయ్, ఇదా నువ్వు కూర్చుని చూసేది?"

"కొత్తలో నా దగ్గరా ఇలాంటిదే, పెద్ద నల్లది ఉండేది" అన్నాడు బాబాయి. "ఉద్యోగం దరఖాస్తుకి ఫోటో కావాలని ఒకమ్మాయి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కూర్చోలేక లేచి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయిదే తప్పనుకున్నా. తర్వాత నేనే వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుని చూశా. అమ్మో, నాకే భయమేసింది! మర్నాడే దాన్ని అమ్మేసి, చూడ్డానికి మంచిది ఒకటి తెచ్చి కబురు పెట్టా."

"వచ్చిందా మరి?"

"వచ్చింది. ఇంకా వెళ్ళలేదు. లోపల టీ పెడుతోంది."

ఆమె పగలబడి నవ్వింది, వంకర పన్నుతో సహా. ఆరింటికి షాపాయన ఫోన్ చేశాడు.

"నల్లది వెనక్కి పంపిస్తున్నామండీ" అంది.

"అదేంటమ్మా! రెండోది నిదానమని పొద్దున్న మీరే కదా దుమ్మెత్తిపోశారు?"

"నిదానమేనండీ, ఏం పరవాలేదు" అంది ఆమె. "బ్యాటరీలు మాత్రం ఇంకో నాలుగు పంపండి."