పోస్టు కాని కార్డులు

రేడియో ముందు పోస్టుకార్డు పట్టుకుని కూర్చునే నాన్నలు మీ ఇళ్ళల్లోనూ ఉండేవాళ్ళా? మొన్న దుమ్ముగూడెంలో అమ్మ రేకుపెట్టె తెరిస్తే ఎండిన ఇప్పపువ్వు వాసన కొట్టింది. అడుగున నాయన రాసిన కార్డుల కట్ట. ఒక్కదాని మీదా పోస్టాఫీసు ముద్ర లేదు.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆదివారం రేడియోలో శ్రోతల ఉత్తరాలు చదివేవారు. వ్యవసాయ కార్యక్రమంలో ఎంతసేపూ కాలువ కింది వరి గురించే చెబుతారని, మా కొండల మీది పోడు సేద్యం ఊసే ఎత్తరని, చదివే అమ్మాయి మాటకు ముందే నవ్వుతుందని నాయన ఫిర్యాదులు రాసేవాడు. డబ్బాలో వెయ్యమని, సంతకు పోయే అమ్మ చేతికిచ్చేవాడు. రేడియోలో ఒక్కటీ చదవలేదు.

"పొగిడినయే చదువుతరు. అవి గూడ వాళ్ళే రాసుకుంటున్నరు," అనేవాడు. తర్వాత అనుమానం పోస్ట్‌మాన్ మీదికి మళ్ళింది. ఆయనతో మాటలు మానేశాడు.

"ఎందుకు వెయ్యలేదే అమ్మా?" అని అడిగాను.

"ఆ పిల్లను తిట్టుకుంట రాస్తే మీ నాయన కోపం పోయేది. గవన్ని చదివితే ఆ పిల్ల ఏడ్వదా?"

అమ్మకు చదువు రాదు. కట్టలో ఆఖరి కార్డు నేనే చదివి వినిపించాను.

"అయ్యా, ఆ నవ్వే అమ్మాయి నెల రోజులుగా వినపడటం లేదు. నా కార్డులు చూసే తీసేశారని అనుమానంగా ఉంది. దయచేసి ఆమెనే పెట్టగలరు."

ఆ కార్డు రాశాక నాయన ఆదివారం రేడియో పెట్టలేదు.