ఫీలింగ్ చెప్పడం నేర్చుకున్న మా ఆయన

మా ఆయనకి ఏడవడం నేర్పిన మనిషి రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద ఉండేవాడు. బెంగుళూరులో ఏదో కోర్సు చేసొచ్చి, భార్యాభర్తల మధ్య చెడినదాన్ని బాగుచేస్తానని కౌన్సిలర్ బోర్డు పెట్టుకున్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. అప్పటికి మాకు కౌన్సిలర్ అంటే మునిసిపాలిటీ వార్డు మెంబరే.

మేమెందుకు వెళ్లామో ముందు చెప్పాలి. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మా ఆయనది రాజమండ్రి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. పెళ్లయిన మూడో ఏట నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆ పూట మా ఆయన తునిలో వాళ్ల మేనమామ కూతురి పెళ్లిలో ఉన్నాడు. ఇంటి దగ్గర్నుంచి ఫోన్ వెళ్లింది. తునిలో రైలెక్కితే రాజమండ్రి ఎంతో దూరం కాదు. ఆయన మర్నాడు సాయంత్రం వచ్చాడు, చేతిలో పెళ్లివారిచ్చిన తాంబూలం సంచీతో. నా మంచం పక్కన నిలబడి, "డాక్టరుగారు ఏమన్నారండి?" అని నర్సుని అడిగి, కొట్టు తియ్యాలని వెళ్లిపోయాడు.

తరవాత ఆ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గ్యాసు, పాలు, కరెంటు బిల్లు తప్ప మా మధ్య వేరే మాటలు లేకుండా పోయాయి. ఆయనకి మాత్రం అన్నం సయించడం మానలేదు. ఎదురుగా కూర్చుని ఆయన పెరుగన్నం జుర్రుకుంటుంటే చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. దాన్ని కోపం అనను. కోపం రావడానికి ఎదటి మనిషి మీద కాస్త గౌరవం ఉండాలి.

ఆయన స్నేహితుడు, పళ్ల డాక్టరు ఒకాయన, ఈ మేడ మీది మనిషి పేరు చెప్పాడు. వెళ్లాం.

గదిలో కుర్చీలు గోడ వారకి తోసేసి, తివాచీ మీద దిండ్లు వేసి ఉన్నాయి. మధ్యలో టిష్యూ కాగితాల డబ్బా. ఆ మనిషిది ఖద్దరు లాల్చీ, మెత్తటి గొంతు. ప్రతి మాటకీ ముందు కళ్లు మూసుకుని గాలి పీల్చుకునేవాడు. ఏం జరిగిందో చెప్పబోయాను.

"ఏం జరిగిందో నాకు అక్కర్లేదు మేడమ్. మీకు ఏమనిపించిందో అది కావాలి. తల్లోంచి కాదు, గుండెలోంచి చెప్పండి."

ఏం జరిగిందో అక్కర్లేని మనిషికి ఏమనిపించిందో చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "మీరు తలుపులు మూసేసుకున్నారండి" అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "మీరు చెప్పండి సార్. ఇప్పుడు, ఈ క్షణంలో, ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది?"

మా ఆయన కాసేపు వెతుక్కుని, "ఇక్కడండి" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆ బరువుకి గొంతు ఉంటే ఏమంటుంది?"

"ఒంటరిగా ఉన్నానంటుందండి," అన్నాడు మా ఆయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మేడ మీది మనిషి మొహం వెలిగిపోయింది. డబ్బా జరిపి, "అలా రానివ్వండి, రానివ్వండి" అన్నాడు. పిల్లాడు మొదటిసారి అ ఆలు దిద్దితే పంతులు మురిసినట్టు మురిశాడు. కన్నీళ్లు కార్చినవాడు మంచివాడు, కార్చనిది మొండిది. ఆ గదిలో లెక్క అంతే.

మా ఆయన చదువులో ఎప్పుడూ వెనకే ఉండేవాడని మా అత్తగారు చెప్పేది. ఈ చదువు మాత్రం ఇట్టే ఒంటబట్టింది. నేను ఆఫీసుకి బస్సు అందుకోవాలని హడావుడి పడుతుంటే గుమ్మంలో నిలబడి, "నువ్వు టిఫిన్ పెట్టి నా మొహం చూడకుండా వెళ్లిపోయావు. నాకు చిన్నపిల్లాణ్ణి వదిలేసినట్టు అనిపించింది," అనేవాడు. గ్యాసు సిలిండరు మార్చమంటే, "నీ గొంతులో కసురు విన్నాను. అది విన్నప్పుడు నాలో ఏదో ముడుచుకుపోతోంది," అనేవాడు. ముడుచుకున్నది విప్పుకునే దాకా ఆయన దిండు మీద కూర్చుంటే, సిలిండరు నేనే మార్చుకునేదాన్ని. ఇదివరకు పని చెయ్యకపోతే బద్ధకం అనేవాళ్లం. ఇప్పుడు దానికి ఫీలింగ్ అని పేరొచ్చింది.

కొన్నాళ్లకి మేడ మీది మనిషి మా అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాడు. ఆ రోజు కొత్త పద్ధతి. ఇంట్లో ఎవరు ఎలా ఉన్నారో మాటల్లో చెప్పకూడదు. ఒకళ్లనొకళ్లు బొమ్మల్లా నిలబెట్టి చూపించాలి.

"ఈ వయసులో బొమ్మల కొలువేంటండీ?" అంది మా అత్తగారు, కానీ కూర్చుంది.

ముందు మా ఆయన వంతు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని కింద కూర్చున్నాడు. నన్ను భుజాలు పట్టుకుని తీసుకెళ్లి కిటికీ దగ్గర, వీధి వైపు తిప్పి నిలబెట్టాడు. మేడ మీది మనిషి, "అద్భుతం. చూడండి ఎంత నిజం బయటికొచ్చిందో," అన్నాడు.

"ఇప్పుడు నా వంతాండీ?" అన్నాను.

"తప్పకుండా మేడమ్."

గోడ వారనున్న కుర్చీలు రెండు కలిపి మంచంలా వేశాను. దాని మీద వాలాను. మా అత్తగారిని పక్కన నిలబడమన్నాను, ఎందుకంటే ఆ పూట ఆస్పత్రిలో నా పక్కన నిలబడింది ఆవిడే. బేసిను పట్టుకుంది, బట్టలు మార్చింది. తరవాత మా ఆయనతో అన్నాను, "మీరు బయటికి వెళ్లి తలుపు వేసుకోండి."

మేడ మీది మనిషి కంగారు పడ్డాడు. "ఆయన కూడా బొమ్మలో ఉండాలి మేడమ్."

"ఆ పూట లేరండి."

మా ఆయన బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, తల వంచుకుని అంది, "వాణ్ణి రావద్దన్నది నేనే అమ్మాయ్. నెత్తురు చూస్తే పడిపోతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఒక్కదాన్ని ఇద్దరినీ చూసుకోలేననుకున్నాను. పెళ్లి అయ్యాకే రమ్మని ఫోన్లో చెప్పాను."

నేను లేచి కూర్చున్నాను. ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ అక్కడ ఉంది. రావద్దని తల్లి అనగానే ఆగిపోయి, పెళ్లి భోజనం చేసి, తాంబూలం తీసుకుని, ఆపైన ఇన్నాళ్లూ ఆ సంగతి కూడా నోటంట రానివ్వని మనిషిని తలుచుకున్నాను. అప్పటికే నా కళ్లలో చిన్నవాడైన ఆయన ఇంకా చిన్నవాడైపోయాడు.

మేడ మీది మనిషికి మాత్రం పండగలా ఉంది. "సార్ వినాలి ఇది. ఇదే ఆ క్షణం," అంటూ వెళ్లి తలుపు తీశాడు. మెట్ల మీద ఎవరూ లేరు. వరండాలోంచి కిందికి చూస్తే, ఎదురుగా కూల్‌డ్రింక్ కొట్టు దగ్గర మా ఆయన సీసాలో స్ట్రా వేసుకుని తాగుతూ, అక్కడి టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. ఓవరు అయ్యేదాకా తల తిప్పలేదు.

పైకొచ్చాక వాళ్లమ్మ బయటపెట్టిన విషయం చెప్తే వెంటనే ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు. మేడ మీది మనిషి ఇద్దరి చేతులూ కలపబోతే నేను నా చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులు వేసుకుని దిగిపోయాను.

ఆ నెల్లోనే ధవళేశ్వరంలో ఆఫీసు క్వార్టర్ ఖాళీ అయితే అడిగి తీసుకున్నాను. విడాకులూ కోర్టులూ ఏమీ లేవు. కొట్టుకి వచ్చేవాళ్లు అడిగితే, "బస్సు ప్రయాణం పడట్లేదు ఆవిడకి," అని మా ఆయన చెప్పేవాడట. ఫీలింగ్ అంతా మేడ మీద. కొట్లో మాత్రం పరువు.

మేడ మీది మనిషి దగ్గర ఆయన కొన్నేళ్లు సాగాడు. చివరికి శిష్యుడయ్యాడు. పెనుగొండలో ఒక కల్యాణమండపంలో జంటలకి శిబిరం పెడితే మైకు పట్టుకుని, "నేను నా భార్య ముందు ఏడవడం నేర్చుకున్నాను," అని మాట్లాడాడని మా ఆఫీసులో ఒకావిడ చూసొచ్చి చెప్పింది. ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారట. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని కూడా ఆవిడ అంది. నేను ఫైలు కట్టి బీరువాలో పెట్టాను.

మా అత్తగారు మాత్రం అప్పుడప్పుడు వచ్చి రెండు రోజులుండి వెళ్లేది. మా మధ్య ప్రేమ పొంగిందేమీ లేదు. నా పప్పుచారు నీళ్లలా ఉందనేది, నా చీరలు ముతకవనేది. ఒకసారి బెండకాయలు తరుగుతూ, అడక్కుండానే, "ఆడపిల్లే. ముక్కు నీదే," అంది. అంతే. ఆ రోజు నేను ఆఫీసుకి వెళ్లలేదు. ఇద్దరం ఆ బెండకాయలు ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.

ఆవిడకి కంట్లో శుక్లం తీయించినప్పుడు దగ్గరుండడానికి సెలవు పెట్టాను. సాయంత్రం మా ఆయన ఆపిల్ పళ్లు పట్టుకుని వచ్చాడు. మంచం అంచున కూర్చుని, తల్లి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "నీకు లోపల ఎలా అనిపిస్తోందమ్మా?" అన్నాడు.

"కంట్లో చుక్కలు వెయ్యాలి. చేతులు కడుక్కుని రా," అంది ఆవిడ.

ఆయన వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేను చుక్కలు వేసేశాను.