మంద పోయి మందు వచ్చిన బీడు

తెల్లవారుతూనే అక్క ఫోన్లో ఏడ్చింది. పాలిచ్చే ఆవు బీడులో వణికి పడిపోయింది, రెండోసారి. ఈసారి లేస్తే ఎమ్మిగనూరు సంతలో అమ్మేస్తానంటున్నాడట బావ. దూడప్పటి నుంచి అక్క చేతుల మీద పెరిగిన ఆవు. అందుకే బయలుదేరాను.

ఉదయం ఆదోనిలో పెద్దకడుబూరు బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే దిగవచ్చు. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో. నిండితే గానీ కదలదు. “ఆవును చూసేకి ఆదోని నుంచి వస్తాండావా తాతా?” అని నవ్వాడు డ్రైవరు. “మనుషుల్ని చూసింది చాలప్పా,” అన్నాను.

దారి పొడుగునా పత్తి. నా చిన్నప్పుడు కోతలయ్యాక ఈ చేలల్లో గొర్రెల మందలు దిగేవి. రాత్రికొక చేలో మంద కట్టించుకుని, కాపర్లకు జొన్నలూ మిరపకాయలూ ఇచ్చేవాళ్ళం. తెల్లారి మంద లేచిపోయాక పెంటికల వాసన, మంచుకు తడిసిన మట్టి వాసన కలిసి వచ్చేవి. పశువుల మేతకు వదిలిన బావ బీడుకూ మందే ఎరువు. బోరు పడ్డాక “మందతో ఏమొస్తది, మందు సల్లల్ల” అన్నాడు. పుస్తకాల్లో చదివింది చెప్పి నేను వద్దంటే, ఒక పెళ్ళిలో పదిమంది ముందు, “మా బామ్మర్ది ఆవుకు పుస్తకాలు మేపుతాడు” అన్నాడు. అందరూ నవ్వారు. నేను మరిచిపోలేదు.

ఆటో దిగి నేరుగా బీడుకు వెళ్ళాను. మందు చల్లిన గడ్డి నిజంగానే ఏపుగా, నల్లపచ్చగా ఉంది. అందులో ఆవు పక్కకు ఒరిగి కాళ్ళు కొట్టుకుంటోంది. అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పశువుల డాక్టరు బావను అడిగాడు:

“మందేమన్నా వేసినారా?”

“ఎందుకేయలే సార్! రెండు మూటలు యూరియా, ఒగ మూట పొటాషు. నెల కిందటే.”

“నేనడిగింది ఆవుకప్పా!” అని, డాక్టరు గడ్డి వైపు చూశాడు. “ఇది సెప్పిందే మంచిదైంది.”

ఆ ఎరువులు ఎక్కువైతే గడ్డి పెరుగుతుంది గానీ, అందులో మెగ్నీషియం తగ్గుతుందట. ఉన్న కాస్తనూ పొటాషు ఒంటికి పట్టనివ్వదట. అది చాలకే ఈ వణుకు. ఆయన నరానికి సూది మందు నెమ్మదిగా ఎక్కించాడు. చాలాసేపటికి ఆవు ముందుకాళ్ళు కూడదీసుకుని, తూలి, లేచి నిలబడింది.

“కొన్నాళ్ళు ఈ బీట్లోకి తోలొద్దు. సొప్ప మేపి, ఖనిజ లవణాల పొడి పెట్టండి. అమ్మే పని లేదు,” అన్నాడు డాక్టరు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

బావను అనడానికి ఎన్నేళ్లుగానో దాచుకున్న మాటలున్నాయి నా దగ్గర. ఆయన నా మొహం చూడలేదు. ఆటో కదిలేటప్పుడు మాత్రం నేల చూస్తూ అన్నాడు: “బామ్మర్దీ, మందలోళ్ళు యాడన్నా ఉంటే సెప్పు.”

“చూస్తాలే బావా” అన్నాను. మందలేమైనా కనబడతాయేమోనని ఎమ్మిగనూరు మీదుగా తిరిగివస్తూ బస్సు కిటికీ వదల్లేదు. ఒక్క మందా కనబడలేదు. పశువు జబ్బు చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: డాక్టరు మందు సంగతి అడిగితే ఆవుకు వేసిందీ చేనుకు వేసిందీ రెండూ చెప్పండి. మంద కట్టేవాళ్ళెవరైనా ఇది చదివితే, మా బావ బీడు ఖాళీగా ఉంది.