గంజాయి లేహ్యానికి నేను పెట్టిన పరీక్ష

గత మాసం బ్రాడీపేట గ్రంథాలయ సభకు నేనెందుకు రాలేదని మిత్రులు ఇప్పటికీ అడుగుతున్నారు. జ్వరమని మా ఆవిడ చెప్పినది అసత్యం. జరిగినది వినండి, కానీ గడప దాటనీయకండి.

మోకాళ్ళ నొప్పితో నేను నిలబడి ఉపన్యసించి ఏడాది దాటింది. కూర్చుని మాట్లాడే పండితుణ్ణి ఎవరు పిలుస్తారు? చిరకాలానికి ఒక ఆహ్వానం వచ్చింది. ఆ వేదికపై నిలబడగలిగితేనే తక్కిన సభలవారూ పిలుస్తారు. వైద్యుణ్ణి ఆశ్రయించాను. ఆయన విజయాపత్రం, అనగా గంజాయి ఆకు, శుద్ధి చేసి కలిపిన లేహ్యం రాసిచ్చారు. లైసెన్సున్న ఆయుర్వేద దుకాణంవారే ఇంటికి పంపుతారట. రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా, అంతకు మించవద్దన్నారు.

గంజాయి అన్న మాటకు జంకి, ఆర్డరివ్వడానికే రోజులు గడిపాను. తీరా సభనాటి ఉదయం స్కూటరు మీద ఒకతను సీసా తెచ్చాడు. వైద్యుని చీటీ, నా గుర్తింపు కార్డు చూపమన్నాడు. నా గుమ్మంలో నన్నే గుర్తింపు అడిగేవాడు మఫ్టీలో ఉన్న పోలీసేమోనని శంకించాను. లైసెన్సు చూపమంటే చూపాడు. దుకాణానికి ఫోను చేస్తే మావాడేనన్నారు. ఇరువురూ ఒకే ముఠా కారాదా? సీసాకు వేసిన సీలు మరీ చక్కగా ఉంది. ఆ చక్కదనమే నాకు నచ్చలేదు.

బస్తా విప్పి గుప్పెడు కాయలు చూడనిదే మిర్చి కొనని ఊరు మాది. సీలు తీసేశాను.

"సీలు తీశాక వాపసుండదు మాస్టారూ."

"నమూనా చూడకుండా ఎవరు కొంటారు నాయనా? ముందు నువ్వొక చెంచా తిను."

"బండి నడపాలండీ. మీరైనా రాత్రికే తినండి."

అమ్మేవాడే తినననడంతో నా అనుమానం రూఢి అయింది. అతడు వెళ్ళగానే అర చెంచా సేవించాను. బెల్లం రుచి, నెయ్యి వాసన తప్ప మరేమీ లేదు. మోసపోయానని నిశ్చయించుకుని, ఆ మోసాన్ని నిరూపించడానికి నిండు చెంచా తిన్నాను. సందేహ నివృత్తికై మరొకటి.

"అది మందా, సున్నుండా?" అంది మా ఆవిడ.

మధ్యాహ్నానికి గోడగడియారం నన్నే గమనిస్తున్నదని తోచింది. తలుపులు మూయించాను. సాయంత్రం సభా కార్యదర్శి ప్రసాదరావు గారు ఆటో తెచ్చి పిలిచారు. కిటికీ సందులోంచి ఆయనను లైసెన్సు అడిగాను.

"ఉపన్యాసానికి లైసెన్సేమిటండీ? జనం వచ్చేశారు, బయల్దేరండి."

"అయితే నమూనాగా ముందు మీరొక ఉపన్యాసం చెప్పండి."

పాపం, వీధిలో నిలబడి నాలుగు వాక్యాలు చెప్పారు. సరుకు నాసిరకమని కిటికీ వేసి పడుకున్నాను. మరునాటి మధ్యాహ్నం గాని మెలకువ రాలేదు.

వైద్యులు ఫోనులో చీవాట్లు పెట్టారు. ఈ మందు ఒంటికి పట్టడానికి సమయం తీసుకుంటుందట. ఆనాటి నుండి రాత్రికి అర చెంచాయే. మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు బదులు ప్రసాదరావు గారే వేదికెక్కి రక్తి కట్టించారట. ఇప్పుడు సత్తెనపల్లి, మంగళగిరి సభలవారు కూడా ఆయననే పిలుస్తున్నారు. నేనూ ప్రతి సభకూ వెళ్తున్నాను. కుర్చీలు చాలకపోయినా నాకు చింత లేదు, చివరిదాకా నిలబడే వింటున్నాను.