అత్త మాట్లాడని మూడు పొద్దులు

మా అత్త పచ్చకామెర్లకు మందిచ్చేది. ధారూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి కళ్లు పసుపుపచ్చగా మారినా మా వాకిటికే వచ్చేవాళ్లు. మందు పెద్ద రహస్యమేమీ కాదు, నేల ఉసిరి. వానలు పడితే మా దొడ్డిగోడ కింద కూడా మొలిచేది. కానీ పెరటి మొక్క మందుకు పనికిరాదట, వాగు అవతలి గట్టు మీదిదే తేవాలట. పైగా నిద్ర లేచింది మొదలు ఆ మొక్క పీకి, నూరి, మేకపాలలో కలిపి, అది రోగి గొంతు దిగేదాకా మందిచ్చే మనిషి నోరు విప్పకూడదు. మాట జారితే ఆ పూట మందు లేదు, మళ్లీ మర్నాడే.

ఈ నియమం మా అత్తకు వచ్చి పడిందేమిటా అని ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె గొర్రెలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరినో ఒకరిని కోప్పడేది. మందు పొద్దు వచ్చిందంటే కొత్త కోడలినైన నాకు పండగే.

ఎదురింటామెకు మాత్రం అంతకన్నా పెద్ద పండగ. మా గొర్రెలు వాళ్ల జొన్నచేలో పడ్డ నాటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పే. అత్త వాగుకు బయలుదేరేసరికి ఆమె చీపురు పట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉండేది. జవాబు రాదని తెలుసు కదా, నోటికొచ్చినవన్నీ అనేది. అత్త కొంత దూరం ఓర్చుకునేది, ఆ తర్వాత తిరగబడేది. ఇక ఆ పూట మందు గోవిందా. రోగి పాపం ఇంకో రోజు ఉప్పులేని గంజి తాగుతూ కూర్చునేవాడు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది, పోలీస్ యాక్షన్ అయి నాలుగైదేళ్లయి ఉంటుంది, నాకే కామెర్లు వచ్చాయి. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. చచ్చిపోతానేమోనని భయం వేసింది, దాచడమెందుకు. మా నాయన కొడంగల్ నుంచి వచ్చి నా కళ్లు చూసి, వెంటనే తాండూరు దవాఖానాకు తీసుకుపోతానన్నాడు. అత్త నోటి సంగతి ఆయనకూ తెలుసు. ఆమె మందు ఈ జన్మలో నా గొంతు దిగదని ముఖం మీదే అనేశాడు. మందు వరసగా మూడు పొద్దులు పడాలి కాబట్టి అత్త మూడు పొద్దులు గడువడిగింది. ఒక్క పొద్దు మాట జారినా పిల్లను రైలెక్కించుకుని పొమ్మంది. నాకూ ఆమె మీద నమ్మకం లేదు. బట్టలు మూటగట్టుకుని కూర్చున్నాను.

మొదటి పొద్దు ఎదురింటామె మా గొర్రెలను తిట్టింది. అత్త తల వంచుకుని పోయింది. రెండో పొద్దు తిట్లలోకి అత్త పుట్టింటివాళ్లను కూడా లాగింది. అత్త మెడ నరాలు ఉబ్బాయి గాని నోరు తెరుచుకోలేదు. మూడో పొద్దు ఇక ఎదురింటామె ఆగలేకపోయింది.

"కోడలికి కడుపునిండ పెడితే కండ్లు గట్లెందుకైతయి? దాని కూడు గూడ నువ్వే తిన్నవ్."

అత్త ఆగిపోయింది. నేను ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి పొయ్యి మీది తొలి రొట్టె నా కంచంలోనే పడేది. ఇంత అన్యాయమైన మాటకు ఆమె ఊరుకుంటుందని ఎవరనుకుంటారు? ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. మంచం మీద కూర్చున్న మా నాయన లేచి నా మూట చేతికి తీసుకున్నాడు.

అత్త చీరకొంగు ముద్దచేసి నోట్లో కుక్కుకుంది. అట్లాగే వాగు దిగింది.

తిరిగొచ్చి మందు నూరేటప్పుడు కూడా కొంగు నోట్లోనే ఉంది. కళ్లల్లో నీళ్లు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ చేదంతా ఒక్క గుక్కలో తాగేశాను. అప్పుడు కొంగు తీసి అడిగింది.

"దిగిందా బిడ్డా?"

దిగిందన్నాను. నా కళ్లు తేటపడడానికి ఇంకా చాలా రోజులు పట్టింది గాని, మా నాయన మూట విప్పి నా చీరలు మళ్లీ దండెం మీద వేసింది మాత్రం ఆ పొద్దే.

అత్త అదే కొంగు నడుముకు బిగించి ఎదురింటి వాకిట్లో నిలబడింది. అంతకుముందు ఆమె పోట్లాటకు దిగితే సిగ్గుతో తలుపేసుకునేదాన్ని. ఆ రోజు గోడ పట్టుకుని మెల్లగా గడప దాకా వచ్చి కూర్చున్నాను.

"జర గట్టిగ అను అత్తా," అన్నాను. "నాకు ఇనవస్తలేదు."