పంటి కింద గుండుసూదులు

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం దర్జీ చేసిన ఆఖరి పని, ఆసుపత్రివాళ్లిచ్చిన గౌనుకు ఊడిన నాడా కుట్టుకోవడం. దారం ఎక్కించిన సూది ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా కాలరు కింద గుచ్చి ఉండేది. దాన్ని బయటికి తీసి, మంచం మీద బాసింపట్టు వేసుకుని, గౌను తిరగేసి చూసి, దీన్ని కత్తిరించినవాడికి మనుషులకు భుజాలుంటాయని ఎవరూ చెప్పలేదు కాబోలన్నాడు.

"భయంగా ఉందా?" అని అడిగింది భార్య.

ఆయన మూతి ఒక పక్కకు బిగించి, "ఊఁ... మ్మ్..." అని గొణిగాడు.

ఆవిడ నవ్వేసింది. అది ఆ ఇంటి పాత వేళాకోళం. పెళ్లయిన కొత్తలో ఆవిడ కొట్టుకు వెళితే, ఆయన పెదవుల మూల గుండుసూదులు కరుచుకుని, ఎవరి భుజం మీదో గుడ్డ సర్దుతూ, రెండో మూల నుంచి మాట్లాడేవాడు. సగం మాటలు గాలికి పోయేవి. చుట్టుపక్కలవాళ్లు వంకరమూతి మాస్టారని పేరు పెట్టారు. తరవాత ఇంట్లో ఇష్టంలేని ప్రశ్న ఎదురైనప్పుడల్లా, నోట్లో ఏమీ లేకపోయినా, అదే మూతి పెట్టేవాడు. "ముందు సూదులు తీసి మాట్లాడండి" అనేది ఆవిడ. దాంతో గొడవ సగం చల్లారేది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కొట్టు మెట్లెక్కడం మానేశాక, ఆయన పనిచేసే తీరు ఆవిడకు ఆ వేళాకోళంలోనే మిగిలింది.

గుండెలో వాల్వు మార్చారు. దివ్యంగా జరిగిందన్నాడు పెద్ద డాక్టరు. దర్జీ కళ్లు తెరిచాడు, మంచినీళ్లడిగాడు, ఛాతీ మీది కుట్లు చూసుకుని హడావుడి పని అని పెదవి విరిచాడు. వార్డులోకి మార్చారు.

మర్నాడు పొద్దున ఆవిడ తడిగుడ్డతో మొహం తుడవబోతే, మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఎలా ఉందని అడిగితే ముద్దముద్దగా ఏదో అన్నాడు. ఇన్నాళ్ల దిగులు ఒక్కసారిగా గుండెల మీంచి దిగిపోయింది ఆవిడకు. మనిషి మళ్లీ మామూలయ్యాడనుకుంది.

"ముందు సూదులు తీసి మాట్లాడండి," అంది.

ఆయన మళ్లీ అన్నాడు. మళ్లీ ముద్దగానే. కళ్లు మాత్రం నవ్వలేదు. కుడిచెయ్యి ఎత్తబోతే అది దుప్పటి మీంచి జారిపోయింది. ఇంజెక్షన్ల తిమ్మిరి అనుకుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని రాస్తూ కూర్చుంది.

నర్సు వచ్చి, ఆగి చూసింది. "ఏమ్మా, ఈయన మూతి ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"దర్జీ పని తల్లీ. రోజంతా నోట్లో గుండుసూదులే. ఎన్నేళ్ల అలవాటో," అంది ఆవిడ, కాస్త గర్వంగానే.

నర్సు కూడా నవ్వి పక్క మంచానికి వెళ్లింది.

మధ్యాహ్నం వచ్చిన డాక్టరు నవ్వలేదు. చేతులెత్తమన్నాడు. ఒకటే లేచింది. గుండెలో పుట్టిన రక్తపు గడ్డ మెదడుకు కొట్టుకుపోయిందని, ఇలాంటి ఆపరేషన్ల తరవాత కొందరికి పక్షవాతం రావడం ఉన్నదేనని, పొద్దున్నే తెలిసుంటే ఏదో ఒక ప్రయత్నం చేసి ఉండేవాళ్లమని చెప్పాడు.

"వాళ్లావిడే అలవాటన్నారు సార్," అంది నర్సు మెల్లగా.

అబద్ధం కాదు. ఆ తరవాత ఆసుపత్రిలో నోరున్న ప్రతివాళ్లకూ ఆ మాట పనికొచ్చింది. దర్జీ నోట మరో మాట రాలేదు. ప్రాణం పోయేదాకా కొత్త వాల్వు మాత్రం చక్కగా పనిచేసింది. ఆ సంగతి ఆవిడకు ఓదార్పుగా చెప్పారు.

కొట్టు ఖాళీ చేసిన రోజు, అక్కడే కాజాలు కుట్టే మరిది ఆయన సామాను సంచిలో వేసి తెచ్చాడు. కత్తెర, టేపు, ముంజేతికి కట్టుకునే పట్టీతో ఒక చిన్న దూదిమెత్త. పట్టీ చెమటకు నల్లబడి ఉంది. మెత్త నిండా గుండుసూదులు.

ఇదెవరిదని అడిగింది ఆవిడ.

"అన్నయ్యదే వదినా. రక్తం పలచబడే మాత్రలు మొదలెట్టినప్పట్నుంచి నోట్లో సూది పెట్టింది లేదు. గుచ్చుకుంటే రక్తం ఆగదని భయం." మరిది ఖాళీ సంచి మడిచాడు. "ఇంట్లో చెప్పొద్దన్నాడు. చెబితే మీ వదినకి నన్ను వెక్కిరించడానికి ఇంకేం మిగలదురా, అన్నాడు."