ఫోనూ కంప్యూటరూ ఒకటైపోతే

నిడదవోలు స్టేషన్ రోడ్డులో నాదొక డీటీపీ షాపు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు కంప్యూటర్లో కంపోజ్ చేసి ప్రెస్సుకు పంపడం నా పని. ఫోన్లూ కంప్యూటర్లూ తయారుచేసే ఒక పెద్ద కంపెనీ, ఆ రెంటినీ ఒకే సిస్టం మీద నడిపిస్తుందా లేదా అన్న వార్త ఎక్కడ కనిపించినా వదలకుండా చదువుతాను. కలిపేస్తారని ఒకరు రాస్తారు. అబ్బే, అలాంటిదేం లేదని కంపెనీ అంటుంది. ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే పుకారు. నాకెందుకీ గోల అంటారా? నా షాపులో ఖాళీగా ఉన్న కుర్చీల గురించి.

ఒకప్పుడు శుభలేఖ ప్రూఫ్ చూడటానికి ఇంటిల్లిపాదీ వచ్చేవారు. నా వెనకాల చేరి, పెదనాన్న పేరు పైన ఉండాలా, మేనమామ పేరు పైన ఉండాలా అని తగువులాడుకునేవారు. నా ప్రాణం తోడేసేవారు. ఇప్పుడు ప్రూఫ్ ఫోన్‌కి పంపిస్తే బొటనవేలి బొమ్మ ఒకటి వస్తుంది, అంతే. పగలంతా నోరు విప్పే పని ఉండటం లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, షాపులో ఒక్కణ్ణే కూర్చోలేకపోతున్నాను. రేపు ఫోనూ కంప్యూటరూ ఒకటైపోతే కార్డులు కూడా ఎవరి ఫోన్లో వాళ్ళే చేసేసుకుంటారు. ఆ బొటనవేలు కూడా రాదు.

మొన్న పొద్దున్న ఒకాయన తన భార్య పెద్దకర్మ కార్డు కోసం వచ్చారు. వివరాలు రాసుకుని, "ప్రూఫ్ మీ ఫోన్‌కి పంపిస్తానండి, మళ్ళీ శ్రమపడి రానక్కర్లేదు" అన్నాను. మధ్యాహ్నం పంపాను. కాసేపటికి మనిషే వచ్చేశారు.

"ఫోన్‌కి రాలేదాండీ?" అన్నాను.

"వచ్చిందండి. చూశాను."

"తప్పులేమైనా ఉన్నాయాండీ?"

"ఏం లేవండి" అంటూ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఫోన్లో అయితే ఒక్కణ్ణే చూడాలి కదండీ."

కంప్యూటర్లో కార్డు తెరిచాను. అడుగున 'ఇట్లు' అన్నచోట ఆయన పేరు ఒక్కటే ఉంది. ఎవరి పేరు పైన అన్న తగువే లేదు. ఆమె ఫొటో కొంచెం పెద్దది చెయ్యమన్నారు. చేశాను. ఎక్కువైందేమో, తగ్గించమన్నారు. తగ్గించాను. మొదట ఎంతుందో మళ్ళీ అంతకే వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేవబోయారు.

"ఇంకోసారి పెద్దది చేసి చూద్దామాండీ?" అన్నాను.